కుక్కపిల్లకి గడప మప్పిన రోజులు

కుక్కని పెంచాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఎండు చేపలు ఇచ్చి వడ్లు తెచ్చుకోడానికి పోయి, వడ్లతో పాటు కుక్కపిల్లని కూడా తట్టలో వేసుకుని తిరిగొచ్చాను, అంతే.

అరవై ఒకటో సంవత్సరమో, అరవై రెండో. మా పల్లెకి అప్పటికింకా నైలాను వలలు రాలేదు. మగవాళ్ళు నూలు వలలతోనే వేటకి పోయేవాళ్ళు. కోతల రోజుల్లో ఆడవాళ్ళం చేపల తట్టలెత్తుకుని ముత్తుకూరు అవతలి వరి ఊళ్ళకి నడిచి పోయేవాళ్ళం. అక్కడ ఒక రైతు ఇంటావిడ ఎప్పుడూ నా దగ్గరే చేపలు తీసుకునేది. ఆ రోజు వడ్లు పోసి, వాటి మీద ఎర్రమట్టి రంగు పిల్ల ఒకదాన్ని కూర్చోబెట్టింది.

“తీసకపోమ్మా. మీ చేపలకి కాపలా ఉంటాది. మాకు నాలుగుండాయి, దీన్ని గూడా యాడ సాకేది” అంది.

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా అది వడ్లలో ముడుచుకుని నిద్రపోయింది. లేపడం ఇష్టంలేక నెత్తికెత్తుకున్నాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. అన్నావదినల ఇంట్లో ఉండేదాన్ని. పెళ్ళయిన రెండో ఏడు నా భర్త వేటకి పోయి తిరిగి రాలేదు. తెప్ప దొరికింది, మనిషి దొరకలేదు. మాలో మారుమనువు తప్పు కాదు. అన్న రెండు సంబంధాలు చూశాడు, నేను వద్దన్నాను. పోయిన మనిషి మీద ప్రేమ కొద్దీ వద్దన్నానని రాసుకుంటే వినడానికి బాగుంటుంది. నిజానికి ఆయన నాకు పెద్దగా తెలియను కూడా తెలియడు. ఇంకొకరి ఇంట్లో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక లేక వద్దన్నాను.

మా పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. వేటకి కదిలిన మనిషిని ఎవరూ వెనకనుంచి పిలవకూడదు, ఎక్కడికని అడగకూడదు. సముద్రంలో భర్తని పోగొట్టుకున్న ఆడది అయితే ఆ వేళకి మరీ చెడ్డ శకునం. ఎదురు రాకూడదు, వెనక గొంతు వినపడకూడదు. ఇదంతా నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆయన పోయిన మూడో నెలలో, తెల్లవారుజామున నీళ్ళకి పోతుంటే ఎదురొచ్చిన ఇద్దరు మగవాళ్ళు నన్ను చూసి, తెడ్లు భుజం మీంచి దించి, మాట్లాడకుండా ఇళ్ళకి తిరిగిపోయారు. ఆ సాయంత్రం అన్న నా వైపు చూడకుండా, “తెప్పలు పోయినాక లెయ్యిమే” అన్నాడు. నేను సరేనన్నాను.

అప్పటినుంచి మూడేళ్ళు నేను తెప్ప నీళ్ళలోకి దిగడం చూడలేదు. చిన్నప్పుడు అది నా పని. నాన్న వెంట చద్దికూడు కుండ పట్టుకుపోయి, తెప్పమీద కట్టి, ఆయన మూడు అలలు దాటేదాకా ఒడ్డున నిలబడేదాన్ని. మొదటి అల తెప్పని నిలువుగా లేపుతుంది. మూడోది దాటాక మనిషి వెనక్కి తిరిగి చూస్తాడు. ఆ పల్లెలో నేను మనసుపడ్డది ఏదైనా ఉందంటే అదొక్కటే. తడిక వెనక కూర్చుని సందులోంచి చూస్తే అన్న పిక్కలు, తెడ్డు కొస కనిపించేవి. మిగతాదంతా చెవులతో చూసుకునేదాన్ని.

కుక్కపిల్లకి ఈ కట్టుబాట్లు తెలియవు. వచ్చిన వారానికే అన్న ఎప్పుడు లేస్తాడో పసిగట్టింది. తడిక తీయగానే బయటికి దూకి ఆయన కాళ్ళ చుట్టూ తిరిగేది, ముందుకు పరిగెత్తి అడ్డంగా పడుకునేది. అన్న వెనక్కి వచ్చి, గుక్కెడు నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరేవాడు. ఈలోగా మిగతా తెప్పలు పోయేవి. రెండుసార్లు అలా అయ్యాక వదినతో చెబుతున్నట్టు నాకు చెప్పాడు.

“ఇంగొక్కసారి అడ్డమొచ్చిందంటే కాలవకి తీసకపోయి కట్టెల పడవలో ఎక్కించేస్తా. మద్రాసు పోయి బతకతాది.”

మా పల్లెకి పడమట కాలవ ఉంది. సరుగుడు కట్టెలు వేసుకుని పడవలు దాని మీద మద్రాసు పోయేవి. అన్న ఉత్తినే బెదిరించే రకం కాదు. అప్పటికి ఆ పిల్ల నా చాప అంచు మీద పడుకోవడం మొదలుపెట్టి పది రోజులు. ఆ పది రోజులూ నేను నిద్రలో లేచి పక్కన తడుముకోలేదు. దాన్ని పంపేస్తారంటే నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే దానికి బుద్ధి నేర్పుతానని కూర్చున్నాను.

బుద్ధి నేర్పడానికి చేతిలో ఏదో ఒకటి పెట్టాలని తెలుసు. మా ఇంట్లో చేతికందేది ఎండు నెత్తళ్ళు. చేపలవాళ్ళం, ఇంకేం తడుతుంది? ఒక నెత్తల్ని ముక్కుకి చూపించి పైకెత్తితే అది తలెత్తి చూస్తూ వెనక కాళ్ళ మీద కూలబడేది. అప్పుడు “కూచో” అని, నోట్లో పెట్టేదాన్ని. ఐదు రోజుల్లో మాట వినగానే కూర్చోవడం పట్టుబడింది. నేనెంత గొప్పదాన్నో అనుకున్నాను. ఆరో రోజు అది ఇసకలో పరిచిన నెత్తళ్ళ దగ్గరికి పోయి, ఎవరూ చెప్పకుండానే ఒద్దికగా కూర్చుంది. ఎవరైనా వచ్చి పెడతారేమోనని కాసేపు చూసింది. ఎవరూ రాలేదు. తనే వడ్డించుకుంది. మావి అయిపోయాక పక్కింటివాళ్ళవి కూడా తిన్నది.

పక్కింటావిడ కేకలు విని పరిగెత్తి వెళ్ళి, చేతికందిన చీపురుకట్టతో దాన్ని నాలుగు బాదాను. వదిన నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“దొంగతనం గూడా కూచోబెట్టి నేర్పినావు గదమ్మే” అంది.

ఆ దెబ్బలకి అది రెండు రోజులు నా దగ్గరికి రాలేదు. వదిన చాప మీద పడుకుంది. నేను పిలిస్తే చెవులు వెనక్కి వాల్చి, ఉన్నచోటే ఉచ్చ పోసుకుంది. తప్పు నాది, దెబ్బలు దానివి. నాకు సిగ్గేసింది.

మళ్ళీ చేపలు తీసుకుని వరి ఊరికి పోయినప్పుడు ఆ రైతు ఇంటావిడకి జరిగింది చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ విన్నది.

“మేం కోడెదూడకి కాడి మప్పేటప్పుడు తెలగపిండి పెడతాం. గడ్డి పెడితే వామి మీదికి పోతాది గదా. యాడా దొరకంది పెట్టాల. నీ చేతిలోనే దొరకాల. దినానికి ఒకటే మప్పు. కోపమొస్తే ఆ దినం మానుకో, కొట్టబాక” అంది.

ఎక్కడా దొరకనిది ఏముందా అని దారి పొడుగునా ఆలోచించాను. చివరికి రాగి సంగటిలో చేపల పులుసు కలిపి, రేగ్గాయంత ఉండలు చేసి ఆరబెట్టాను. ఆ వాసన ఇసకలో ఎక్కడా ఉండదు. నా కొంగు మూటలోనే ఉంటుంది. దాంతో మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను.

మొదటి మూడు రోజులు ఏమీ చెప్పలేదు, ఏమీ అడగలేదు. అది నా వైపు ఒక అడుగు వేస్తే ఒక ఉండ విసిరేదాన్ని. నాలుగో రోజు చేతిలోంచి తిన్నది. అప్పుడు “రా” అన్నాను. ఆ మాట కుదిరాక “కూచో”. అది కుదిరాక “ఉండు”. కష్టమంతా “ఉండు” దగ్గరే. కూర్చోమంటే కూర్చుంటుంది, నేను ఒక అడుగు వెనక్కి వేయగానే లేచి వస్తుంది. అరచేయి చూపించి, అరడుగు జరిగి, మళ్ళీ ముందుకొచ్చి ఉండ పెట్టాలి. తర్వాత అడుగు. తర్వాత రెండు. మధ్యలో కాకి వాలుతుంది, మేక అరుస్తుంది, మొదటికొస్తుంది. నాకు సహజంగా ఓపిక తక్కువ. పళ్ళు పటపటలాడిన రోజుల్లో ఆవిడ చెప్పినట్టే మూట ముడివేసి లేచిపోయేదాన్ని. అలాంటి రోజులు తక్కువేమీ కాదు.

పగలు అన్నీ బాగానే వచ్చాయి. తెల్లవారుజామునే నా తెలివితక్కువ బయటపడింది. అన్న తడిక తీశాడు. అది దూకింది. “ఉండు” అనడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. ఆ వేళకి నా గొంతు వినపడకూడదు. నేర్పిన మూడు మాటల్లో ఒక్కటీ ఆ ఘడియలో వాడుకోడానికి లేదు. కుక్క అడ్డం పోవడం కన్నా నేను పలకడం పెద్ద అపశకునం. అదృష్టం బాగుండి ఆ రోజు వదిన దాని తోక పట్టుకుని లోపలికి లాగింది.

మాటలన్నీ వదిలేసి చేతితో మొదలుపెట్టాను. నేల మీద రెండు వేళ్ళతో తడితే కూర్చోవాలి. అరచేయి చూపిస్తే కదలకూడదు. వేళ్ళు ముడిస్తే రావాలి. మాటల కన్నా ఇదే త్వరగా పట్టుబడింది. కుక్కలు మన మాటలు పెద్దగా వినవని, మనల్ని చూస్తాయని అప్పుడు తెలిసింది. దానికి పేరు పెట్టలేదేమని చాలామంది అడిగేవాళ్ళు. పిలవడానికే లేనప్పుడు పేరెందుకు?

నెల తిరిగేసరికి తడిక బార్లా తీసినా అది గడపలోపల, నా మోకాలి పక్కన కూర్చునేది. అన్న పిక్కలు దాటిపోయేవి, తెడ్డు కొస దాటిపోయేది. ఒళ్ళంతా వణుకుతున్నా కదిలేది కాదు. తెప్పలు పోయిన చప్పుడయ్యాక ఉండ పెట్టేదాన్ని. అన్న ఒకరోజు అన్నం తింటూ దాని వైపు చూసి, “బాగనే మప్పినావే. దీనికి నీకన్నా బుద్ధి ఉండాది” అన్నాడు.

మెచ్చుకోలుగానే అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ పూట నాకు అన్నం సహించలేదు. మూడేళ్ళ కిందట నన్ను ఒక్కమాటతో తడిక వెనక కూర్చోబెట్టారు. ఉండ కూడా పెట్టలేదు. కుక్కకి నెల పట్టింది. ఎవరికి బుద్ధి ఎక్కువో అని ఆలోచించాను.

కట్టెల పడవ భయం పోయింది కదా అనుకుంటుండగా నాకు జ్వరమొచ్చింది. రెండు రోజులు లేవలేదు. వదినకి సైగలు రావు. అన్న వెంట కుక్క ఒడ్డుకి పోయింది. అడ్డం తిరగలేదట, కాళ్ళకి చుట్టుకోలేదట. తెప్ప పక్కన ఇసకలో కూర్చుని, వాళ్ళు నీళ్ళలోకి తోసేదాకా చూసి ఇంటికొచ్చింది. ఆ రోజు వలలో వంజరాలు పడ్డాయి. మర్నాడు కూడా అలాగే జరిగింది, మళ్ళీ పడ్డాయి. మూడో రోజు నాకు జ్వరం తగ్గింది. యథాప్రకారం అరచేయి చూపించి గడపలోపల ఉంచాను. ఆ రోజు వల తడిసింది, ఎండింది, అంతే.

అన్నకి ఇంకేం కావాలి? సాయంత్రం గుమ్మంలో కూలబడి, “దీని కాలు మంచిదిమే. రేపట్నించి నా ఎంట తోలు” అన్నాడు.

  దాచుకోవడం ఎందుకు, కుక్కని చూసి అసూయపడ్డాను. నా చేతి ఉండలు తిని, నేను నేర్పితే నేర్చుకుని, అది రేపటినుంచి మూడు అలలూ చూస్తుంది. నేను తడిక సందులోంచి దాని తోక చూడాలి.

మర్నాడు తడిక తీసి అన్న దాన్ని పిలిచాడు. అది కూర్చుని నా చేతి వైపు చూసింది. అన్న ఎండు చేప చూపించాడు. ముక్కు కదిలింది గానీ కుక్క కదలలేదు. నేను జ్వరంలో ఉన్నప్పుడు పోయిందంటే ఆపే చెయ్యి లేక పోయింది. ఇప్పుడు చెయ్యి ఎదురుగా ఉంది. నేను సైగ చెయ్యనూ లేదు, ఆపనూ లేదు, ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తెప్పలవాళ్ళు కేకేశారు. అన్న విసుక్కుంటూ పోయాడు. మధ్యాహ్నం వచ్చాక, “పోవడం గూడా మప్పు” అన్నాడు.

“మప్పతా అన్నా. నాలుగు దినాలు పట్టుద్ది” అన్నాను.

ఆ నాలుగు రోజులూ పెరట్లో దానికి నడక నేర్పాను. నేను అడుగు వేస్తే అది అడుగు వేయాలి. నేను ఆగితే కూర్చోవాలి. నా మడమ దాటితే ఉండ లేదు, నా మడమ పక్కన ఉంటే ఉంది. గడప దగ్గర ఇంకా గట్టిగా నేర్పాను. నా కాలు గడప దాటితేనే దాని కాలు దాటాలి. ఎవరు పిలిచినా, ఏది చూపించినా సరే. వదిన వల బాగుచేస్తూ అంతా చూస్తూనే ఉంది. ఆవిడకి అర్థమైందని నాకు రెండో రోజే తెలిసింది. మూడో రోజు, అడగకుండానే, సంగటి కొంచెం ఎక్కువ కెలికి పక్కన పెట్టింది.

“పులుసు చాలకపోతే చెప్పు” అంది, తలెత్తకుండా.

ఐదో రోజు తెల్లవారుజామున అన్న తెడ్డు భుజాన వేసుకుని తడిక తీశాడు. బయటికి పోయి నిలబడి దాన్ని పిలిచాడు. నేను గడపలోపల నిలబడ్డాను. కుక్క నా పాదాల వైపు చూసింది.

“పొమ్మనుమే” అన్నాడు అన్న.

ఆ వేళకి నేను పలకకూడదు. అయినా ఆయన ఎదురుగా ఉన్నాడు, వెనక కాదు. పలికాను.

“నేను కదిలితేనే అది కదులుతాదన్నా. నాకు అట్టనే మప్పడం వచ్చు.”

అన్న నా మొహంలోకి చూశాడు. మూడేళ్ళలో ఆ వేళప్పుడు చూడటం అదే మొదటిసారి. ఆయన మొద్దు కాదు. నేనేం చేశానో ఆయనకి ఆ క్షణంలోనే తెలిసిపోయి ఉంటుంది. కోప్పడతాడని, తెడ్డు కింద కొడతాడని, రేపే దాన్ని కాలవ పడవ ఎక్కిస్తాడని నాకు భయం వేసింది. చేతిలో ఉండ మెత్తబడి వేళ్ళకి అంటుకుంది. ఒడ్డునుంచి కేకలు వినిపిస్తున్నాయి. అన్న అటు చూశాడు, ఇటు చూశాడు. నేను ముందు నడిస్తే ఎదురు వచ్చినట్టు, వెనక నడిస్తే వెనక తగులుకున్నట్టు.

“సరే. పక్కన నడువు” అన్నాడు.

పక్కన నడవకూడదని ఎవరూ ఎప్పుడూ అనలేదు. గడప దాటాను. కుక్క దాటింది. ఇసక చల్లగా ఉంది. ఒడ్డున మగవాళ్ళు నన్ను చూశారు. ఒకాయన మొహం తిప్పుకున్నాడు, ఇంకొకాయన తన తెప్పని పదడుగులు అవతలికి లాక్కుపోయాడు. అన్న తన తెప్ప దగ్గరికి నడిచాడు. నేను ఆగాను, కుక్క కూర్చుంది. తెప్పని తోశారు. మొదటి అల దాన్ని నిలువుగా లేపింది. రెండోది తడిపింది. మూడోది దాటాక అన్న వెనక్కి తిరిగి చూశాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అదంతా సముద్రంలో పోయిన నా భర్తని తల్చుకునే కాదు. మూడేళ్ళు దీన్ని చూడకుండా కూర్చున్నందుకు నా మీద నాకే వచ్చిన ఏడుపు కూడా అందులో ఉంది.

ఆ రోజు అన్న వలలో ఏమీ పడలేదు. కూరకి కూడా చాలలేదు. మధ్యాహ్నానికే ఊరంతా ఆ మాట నడిచింది. పక్కింటావిడ నాకు వినపడేటట్టే వదినతో, “కుక్క కాలు మంచిదే, పక్కన ఇంకో కాలు నడిచింది గదా” అంది.  అన్న వల ఆరేసి, అన్నం తిని, కుక్క వైపు గానీ నా వైపు గానీ చూడకుండా పడుకున్నాడు. ఇక అయిపోయిందని నేను అనుకున్నాను. ఉండలు చేయలేదు.

మర్నాడు తెల్లవారుజామున తడిక తీసిన చప్పుడుకి మెలకువ వచ్చింది. కదలకుండా, ఆయన పోయేదాకా ఆగుదామని పడుకున్నాను. కుక్క కూడా లేవలేదు, నా కాళ్ళ దగ్గర మూతి దాచుకుని నిద్రపోతోంది. పిక్కలు సందు దాటిపోతాయని చూస్తున్నాను. దాటలేదు. అన్న తెడ్డు భుజం మార్చుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆయన కుక్కని పిలవలేదు.

“తెల్లారిపోతాండాది, రామ్మా” అన్నాడు.